శస్త్రచికిత్సకు ముందు పొగ మానుట

శస్త్రచికిత్సకై ఆసుపత్రిలో చేరబోవు రోగిని మత్తుమందు వైద్యుడు అడుగు ప్రశ్నలలో ఒకటి వినువారికి మొదట అసందర్భముగా తోచును. రోగి వచ్చినది హెర్నియా కొఱకో, అరిగిపోయిన మోకాటి కీలు మార్పించుకొనుట కొఱకో అయి యుండును. వైద్యుడు అడుగునది మాత్రము, "చుట్ట కాల్చుదురా? బీడీయా, సిగరెట్టా? ఎన్నేండ్లనుండి? దినమునకెన్ని?" అని. అప్పుడు ప్రక్కన నిలిచిన ఇల్లాలు తల వంచుకొనును. కుమారుడు కిటికీ వైపు చూచును. పెద్దాయన గొంతు సవరించుకొని, "ఏదో, అప్పుడప్పుడు" అని సగము సత్యము పలుకును. తక్కిన సగమును ఆయన వ్రేళ్ల చివరనున్న మరకలు చెప్పును.

ఈ ప్రశ్న నీతిబోధ కొఱకు అడిగినది కాదు. దీని వెనుక నూటయేబది యేండ్లకు పైబడిన అనుభవము కలదు. ఆ అనుభవమున కొంత పొరపాటు, కొంత పట్టుదల, కొంత విషాదము కలసి యున్నవి. శస్త్రవైద్యుని కత్తికిని రోగి జేబులోని పొగాకునకును గల సంబంధమును మనుష్యుడెట్లు కనుగొన్నాడో, కనుగొనుటకు అంత ఆలస్యమేల జరిగినదో చెప్పుటయే ఈ ప్రసంగమున నా ఉద్దేశము.

పొగాకు మన దేశపు మొక్క కాదు. పదునైదవ శతాబ్ది చివర కొలంబసు నౌకలు అమెరికా దీవులను చేరువఱకు మన ఖండములందు దానిని ఎఱిగినవారు లేరు. పోర్చుగీసు వర్తకుల వెంట అది దక్కనుకు వచ్చెను. అక్బరు కొలువులోని అసద్ బేగు బిజాపురమునకు వెళ్లి తిరిగి వచ్చుచు అచ్చటినుండి పొగాకును, పొగ పీల్చు గొట్టమును తెచ్చి చక్రవర్తికి సమర్పించిన కథను తానే వ్రాసి యుంచెను. శాస్త్రములలో పేరైన లేని వస్తువును ప్రభువు వాడరాదని ఆస్థాన వైద్యులు అభ్యంతరము చెప్పిరి. అక్బరు రుచి చూచి విడిచెను. కొలువులోని వారు విడువలేదు. 1617లో జహంగీరు పొగ త్రాగుటను నిషేధించెను. అంతకు ముందే, 1604లో, ఇంగ్లండు రాజు మొదటి జేమ్సు పొగాకును దూషించుచు స్వయముగా ఒక పుస్తకమే వ్రాసెను. రెండు రాజ్యములందును రాజుల మాట పొగలోనే కలసిపోయినది.

వైద్యులలోను ఏకాభిప్రాయము లేకుండెను. చాలకాలము పొగాకే ఒక మందుగా చెల్లినది. 1774లో లండనులో నీట మునిగినవారిని బ్రతికించుటకై ఒక సంఘము ఏర్పడెను. అట్టివారి ప్రేగులలోనికి తిత్తులతో పొగాకు పొగను ఎక్కించుట ఆనాడు మెచ్చుకొనబడిన చికిత్స. ప్రేగు చిక్కుకొని బిగిసిపోయిన హెర్నియా రోగులకు కత్తి పట్టుటకు ముందు పొగాకు కషాయమును వస్తిగా ఇచ్చెడి ఆచారము కూడ నుండెను. కండరములు సడలి ప్రేగు వెనుకకు జారునని వారి ఆశ. 1811లో బెంజమిన్ బ్రోడీ అను ఆంగ్ల వైద్యుడు జంతువులపై పరీక్షలు జరిపి, ఆ కషాయము గుండెనే నిలుపగలదని చూపెను. ఆ పిదప ఆ చికిత్సలు క్రమముగా వెనుకబడినవి. శస్త్రచికిత్సకు ముందు పొగాకు ఇచ్చిన కాలము ఒకటి కలదనియు, శస్త్రచికిత్సకు ముందు దానిని మాన్పించు కాలము తరువాత వచ్చినదనియు మనము గుర్తుంచుకొనవలెను.

ఇక రెండవ వైపు చూతము. 1846 అక్టోబరు 16వ తేదీన అమెరికాలోని బోస్టను నగరమున, మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో, విలియం మోర్టన్ అను దంతవైద్యుడు ఒక రోగిచేత ఈథరు ఆవిరి పీల్పించెను. జాన్ కాలిన్స్ వారెన్ అను వృద్ధ శస్త్రవైద్యుడు ఆ రోగి మెడ క్రింది కంతిని కోసెను. రోగి కేకలు వేయలేదు. అంతవఱకు శస్త్రవైద్యునికి ఉండవలసిన మొదటి గుణము చేతివేగము. రోగిని నలుగురు పట్టుకొనవలసి యుండెడిది. మరుసటి సంవత్సరమే ఎడింబరోలో జేమ్స్ యంగ్ సింప్సను క్లోరోఫారమును వాడుకలోనికి తెచ్చెను. నొప్పి తొలగినది. కత్తి నెమ్మదించినది. కడుపులోనికి, రొమ్ములోనికి పోవుటకు వైద్యునికి ధైర్యము కలిగినది.

అయితే మత్తుమందు ఏ త్రోవను శరీరములో ప్రవేశించినదో గమనింపుడు. ఈథరును, క్లోరోఫారమును ముక్కుతో పీల్చవలసినవే. అవి ఊపిరితిత్తుల ద్వారముననే రక్తమును చేరును. పొగాకు పొగ నడచునదియు సరిగా ఆ బాటయే. ఒకే వాకిట ఇద్దరు అతిథులు. ఒకడు గంటసేపుండి పోవువాడు. రెండవవాడు ముప్పది యేండ్లుగా అచ్చటనే కాపురమున్నవాడు. మొదటివాని మంచిచెడ్డలు రెండవవాడు పాడుచేసిన యింటిపై ఆధారపడి యుండునని తెలియుటకు నూఱేండ్లు పట్టినది.

ఈ కథలో మన హైదరాబాదునకు గౌరవస్థానమొకటి కలదు. క్లోరోఫారము వలన కొందఱు రోగులు బల్లమీదనే మరణించుచుండిరి. గుండె ముందాగునా, శ్వాస ముందాగునా యను వివాదము ఐరోపాలో చెలరేగెను. ఆ కాలమున హైదరాబాదు రెసిడెన్సీ వైద్యుడును, వైద్యపాఠశాలకు అధిపతియు నగు ఎడ్వర్డు లారీ, ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను ధనసహాయముతో 1888లో ఒకటియు, 1889లో మఱియొకటియు విచారణ సంఘములను నడపెను. రెండవదానికి లండనునుండి లాడర్ బ్రంటన్ అను ప్రసిద్ధ వైద్యుడు వచ్చి పాల్గొనెను. వందలకొలది జంతువులపై పరీక్షలు జరిపి, శ్వాసయే ముందాగును గనుక మత్తు నిచ్చువాడు నాడిని గాక శ్వాసను కనిపెట్టి యుండవలెనని వారు తీర్మానించిరి. ఆ పాఠశాలలో చదివి క్లోరోఫారము ఇచ్చుటలో నేర్పు గడించిన రూపాబాయి ఫర్దూంజీని ప్రపంచమున మత్తు వైద్యమును చేపట్టిన తొలి మహిళలలో ఒకరుగా నేడు చెప్పుకొనుచున్నారు.

హైదరాబాదు తీర్మానము సంపూర్ణ సత్యము కాలేదు. 1911లో గుడ్‌మన్ లెవీ అను పరిశోధకుడు, లేత మత్తులో క్లోరోఫారము గుండెను హఠాత్తుగా నిలుపగలదని చూపెను. అయినను "ఊపిరిని చూడుము" అను పాఠము వ్యర్థము కాలేదు. అయితే ఆనాటివారు చూచినది బల్లమీది ఊపిరిని మాత్రమే. రోగి బల్లమీదికి ఎట్టి ఊపిరితిత్తులతో వచ్చినాడు అను ప్రశ్న వారికి తోచలేదు.

శస్త్రచికిత్స చక్కగా ముగియును; కుట్లు శుభ్రముగా నుండును; రోగి కన్నులు తెఱచి బంధువులను పలుకరించును. రెండవ దినమో మూడవ దినమో జ్వరము తగులును. దగ్గు, ఆయాసము, ఎగశ్వాస వచ్చును. "నెమ్ము చేరినది" అని పెద్దలు గుసగుసలాడుదురు. ఇది ఒక దేశపు మాట కాదు. కడుపు కోసిన ప్రతి ఆసుపత్రిలోను ఇదే భయము. కారణమేమి? మొదట ఈథరును నిందించిరి. దానికి "ఈథరు నిమోనియా" అని పేరే పెట్టిరి. మఱికొందఱు చల్లని గదిని, తడిసిన దుప్పటిని నిందించిరి.

1908 నుండి 1910 వఱకు విలియం పాశ్చర్ అను లండను వైద్యుడు ఒక కొత్త సంగతి చెప్పెను. ఈయన కుక్కకాటుకు మందు కనుగొన్న ఫ్రెంచి పాశ్చరు కాదు. కడుపు కోసిన పిమ్మట నొప్పిచేత రోగి లోతుగా ఊపిరి పీల్చలేడు. రొమ్మునకును కడుపునకును నడుమనున్న పొర సరిగా కదలదు. ఊపిరితిత్తి క్రింది భాగము గాలి లేక ముడుచుకొని పోవును అని ఆయన వివరించెను. ముడుచుకొన్నచోట కఫము నిలుచును. నిలిచిన కఫమున క్రిములు పెరుగును. దీనితో నిందితుల జాబితానుండి ఈథరు కొంత తప్పించుకొనెను. కాని ఒకే గదిలో, ఒకే వైద్యుని చేతిలో, ఒకే మత్తుమందుతో ఇద్దఱికి చికిత్స జరిగినప్పుడు ఒకనికి నెమ్ము చేరి రెండవవానికి చేరకుండుటకు కారణమేమి? ఈ ప్రశ్నకు మాత్రము జవాబు రాలేదు.

జవాబు రోగి జేబులోనే యున్నది. అక్కడ వెదకుటకు ఎవరికిని చేయి రాలేదు. అందుకు కారణము లేకపోలేదు. మొదటి ప్రపంచయుద్ధమున సిగరెట్టు సైనికునికి తిండివలె అందిన వస్తువు. గాయపడినవాని పెదవులమధ్య సిగరెట్టు నుంచి వెలిగించుట దయగల పని అనిపించుకొనెను. వైద్యులును విరివిగా కాల్చుచుండిరి. తన వ్రేళ్లమధ్య కాలుచున్నదానిని అనుమానించుట ఎవనికైనను కష్టమే.

1944లో, రెండవ ప్రపంచయుద్ధము జరుగుచుండగా, ఇంగ్లండులో హెచ్. జె. వి. మోర్టన్ అను మత్తుమందు వైద్యుడు ఆ పని చేసెను. తొలి ఈథరు మోర్టనుతో ఈయనకు పేరు కలియుట కాకతాళీయము. ఈయన కొత్త యంత్రమేదియు కనిపెట్టలేదు. కడుపు శస్త్రచికిత్సకు వచ్చిన రోగులను పొగ త్రాగువారు, త్రాగనివారు అని విడదీసి, పిదప ఎవరికి ఊపిరితిత్తుల చిక్కులు వచ్చినవో లెక్కవ్రాసెను. దినమునకు పదికి మించి సిగరెట్లు కాల్చువారికి ఆ చిక్కులు త్రాగనివారికంటె సుమారు ఆఱు రెట్లు హెచ్చుగా వచ్చినవి. ఆయన ఈ లెక్కను 'లాన్సెట్' పత్రికలో ప్రకటించెను. ఈథరు కాదు, చలిగాలి కాదు. రోగి ఇంటినుండి వెంట తెచ్చుకొన్న అలవాటు. పొగాకువలన పుపుస క్యాన్సరు వచ్చునని లోకము విశ్వసించుటకు ఆఱేండ్లు ముందు వెలువడిన మాట యిది. ఆనాడు దీనిని తలకెక్కించుకొన్నవారు కొలదిమందియే.

ఇచ్చట మఱియొక శస్త్రవైద్యుని కథ చెప్పక తప్పదు. అమెరికాలోని సెయింట్ లూయీ నగరమున ఇవార్ట్స్ గ్రాహం అను మహా శస్త్రవైద్యుడుండెను. 1933 ఏప్రిలు 5వ తేదీన ఆయన క్యాన్సరు సోకిన ఒక ఊపిరితిత్తిని ఒకే విడతలో పూర్తిగా తొలగించి రోగిని బ్రతికించెను. అట్టి విజయము అంతకు ముందు లేదు. ఆ రోగి జేమ్స్ గిల్మోర్, తానును వైద్యుడే. గ్రాహం స్వయముగా సిగరెట్లకు బాగుగ అలవాటుపడినవాడు. ఎర్నెస్ట్ విండర్ అను యువ విద్యార్థి వచ్చి, పుపుస క్యాన్సరునకు పొగాకు కారణమేమో పరిశీలింతునని అడిగినప్పుడు ఆయన నమ్మలేదు. సిగరెట్ల అమ్మకము పెరిగినట్లే స్త్రీల మేజోళ్ల అమ్మకమును పెరిగినది గదా యని పరిహసించెనని చెప్పుదురు. అయినను పరిశోధనకు అడ్డు చెప్పలేదు. అది ఆయన గొప్పతనము. 1950 మేలో వారిద్దఱును 684 మంది రోగుల వృత్తాంతములతో తమ ఫలితమును ప్రకటించిరి. అదే సంవత్సరము సెప్టెంబరులో ఇంగ్లండున రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనువారు వేరుగా పరిశీలించి అదే తీర్పు చెప్పిరి. తన లెక్కలను చూచికొని డాల్ సిగరెట్టు మానెను. గ్రాహం కూడ మానెను.

కాని అప్పటికి ఆయన ఏబది యేండ్లుగా కాల్చి యుండెను. 1957 తొలి మాసములలో ఆయనకు రెండు ఊపిరితిత్తులలోను క్యాన్సరు కనిపించినది. తన చేతితో ఇతరులకు చేసిన శస్త్రచికిత్స తనకు చేయుటకు వీలులేని దశ అది. ఐదేండ్ల క్రిందటనే మానితినిగాని, అంతకు ముందు ఏబది యేండ్లు త్రాగుటయే చిక్కు అని ఆయన మిత్రుడగు ఆల్టన్ ఆక్స్నరు అను శస్త్రవైద్యునకు జాబు వ్రాసి, ఆ మార్చి నెలలోనే కన్నుమూసెను. 1933లో ఆయన కత్తివలన బ్రతికిన గిల్మోర్ ఆయనకంటె ఆఱేండ్లు ఎక్కువ జీవించెను. రోగి బ్రతికినాడు, వైద్యుడు వెడలిపోయినాడు. ఈ విషాదమును తలచుకొన్నప్పుడు, "ఎప్పుడు మానవలె"నను ప్రశ్నకు ఎంత బరువున్నదో మనకు తెలియును.

రాజభవనములు సయితము దీనికి అతీతములు కాలేదు. బ్రిటిషు చక్రవర్తి ఆఱవ జార్జి విరివిగా సిగరెట్లు కాల్చినవాడు. 1949 మార్చిలో కాలి రక్తనాళములు బిగిసిపోవుటచే ఆయనకు శస్త్రచికిత్స జరిగెను. 1951 సెప్టెంబరు 23వ తేదీన బకింగ్‌హాం భవనమునందే క్లెమెంట్ ప్రైస్ థామస్ ఆయన ఎడమ ఊపిరితిత్తిని తొలగించెను. వ్యాధి పేరు ప్రజలకు చెప్పలేదు. 1952 ఫిబ్రవరి 6వ తేదీన చక్రవర్తి నిద్రలోనే మరణించెను.

మన తీరమును మఱచిపోరాదు. పొగాకు మన జిల్లాలకు సిరి తెచ్చిన పంట; 1947లో దానికై రాజమహేంద్రవరమున కేంద్ర పరిశోధనాలయము వెలసినది. చుట్ట మన సాహిత్యమునను పేరు గడించినది. కన్యాశుల్కములోని గిరీశమును చుట్ట లేకుండ తలచుకొనుట కష్టము. కాని విశాఖ, శ్రీకాకుళ ప్రాంతములలో నిప్పు వైపును నోటిలో నుంచుకొని కాల్చు అడ్డపొగ అలవాటు, ముఖ్యముగా స్త్రీలలో, తరతరములుగా నుండెను. దానివలన అంగిటిలో క్యాన్సరు పుట్టుచున్నదని 1945లో ఖానోల్కరు, సూర్యాబాయి అను భారతీయ పరిశోధకులు లోకమునకు వివరించిరి. పొగకు బలియై కత్తికిందికి వచ్చినవారిలో మన తల్లులును కలరు.

ఇంతకును పొగ చేయు అపకారమేమి? మూడు మాటలలో చెప్పవచ్చును. మొదటిది, పొగలోని కార్బన్ మోనాక్సైడు వాయువు. మూసిన గదిలో బొగ్గుకుంపటి పెట్టుకొని నిద్రించినవారిని చంపునది ఇదియే. రక్తములోని హెమోగ్లోబిన్ ప్రాణవాయువును మోయు కూలివాడు. వానికి ప్రాణవాయువుకంటె ఈ విషవాయువుపై రెండువందల రెట్లకు పైబడిన మక్కువ. విరివిగా కాల్చువాని రక్తములో పది కూలివాండ్రలో ఒకడు వఱకు ఈ వాయువునే మోయుచుండును. మామూలు దినములలో ఆ లోటు తెలియదు. శస్త్రచికిత్స నాడు గుండెకు పని హెచ్చినప్పుడు తెలియును.

రెండవది, ఊపిరిగొట్టముల శుభ్రత. ఆ గొట్టముల లోపలి గోడలపై కంటికి కనబడని నూగు కలదు. అది అహర్నిశములు చీపురువలె కదలుచు దుమ్మును, కఫమును పైకి ఊడ్చును. పొగ ఆ నూగును మొద్దుబార్చి, కఫమును మాత్రము హెచ్చించును. ఊడ్చువాడు లేడు, చెత్త పెరుగుచున్నది. దీనికి తోడు పాశ్చరు చెప్పిన ముడుచుకొనుట కలసినచో నెమ్మునకు పెండ్లిపందిరి వేసినట్లే.

మూడవది, గాయము మానుట. నికోటిన్ సన్నని రక్తనాళములను బిగించును. కోసినచోటికి రక్తము చాలదు. కొత్త కండ పుట్టదు. కుట్లవద్ద చీము పట్టును. విఱిగిన ఎముక ఆలస్యముగా అతుకును. 1984లో న్యూయార్కున ముఖచర్మమును సవరించు శస్త్రవైద్యులు తమ రోగులను లెక్కించి చూడగా, చర్మము చచ్చి ఊడిపోవుట పొగ త్రాగువారిలో పన్నెండు రెట్లు హెచ్చుగా నుండెను.

అపకారము తెలిసినది. ఎంత ముందుగా మానవలెనో తెలియలేదు. ఇచ్చటనే చరిత్ర ఒక తప్పుదారి తొక్కినది. 1989లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో గుండె రక్తనాళముల శస్త్రచికిత్సకు వచ్చిన రెండువందలమందిని పరిశీలించిరి. రెండు నెలలకు మించి మానియున్నవారిలో నూటికి పదునాలుగుమందికి పైచిలుకు ఊపిరితిత్తుల చిక్కులు వచ్చినవి. రెండు నెలలో, అంతకు తక్కువో మానినవారిలో ఏబదియేడుగురికి వచ్చినవి. రెండు నెలలకు ముందే మానుడని చెప్పుట ఆ పరిశీలకుల ఉద్దేశము. వైద్యలోకము విన్నది మఱియొకటి. "ఆలస్యముగా మానుట మానకుండుటకంటె చెడ్డది, దగ్గు తగ్గి కఫము లోపల నిలుచును" అను నమ్మకము వ్యాపించెను. నెలలోపల శస్త్రచికిత్స యున్న రోగితో, ఇప్పుడు మానవలదని చెప్పినవారును, ఏమియు చెప్పక ఊరకున్నవారును కలరు. నిజమునకు ఆ పరిశీలనలో ఇటీవల మానినవారు బహు తక్కువమంది. అంత చిన్న గుంపునుండి అంత పెద్ద సూత్రము తీయరాదు.

ఆ పొరపాటు తీరుటకు ఇరువదేండ్లు పట్టెను. 2011లో లండను పరిశోధకులు తొమ్మిది పరిశీలనలను ఒకచోట చేర్చి తూచి చూచిరి. శస్త్రచికిత్సకు ముందు ఎనిమిది వారములలోపల మానినందువలన కీడు కలుగునని చెప్పుటకు ఆధారము లేదని తేల్చిరి. ఒక మంచిమాట చెప్పుటకు వైద్యులు జంకిన ఆ ఇరువదేండ్లలో ఎందఱు రోగులు అవకాశము కోల్పోయిరో లెక్కకట్టువారు లేరు. శాస్త్రములో తప్పు జరుగుట దోషము కాదు. తప్పును తిరిగి తూచకుండుట దోషము.

మానినచో మేలు కలుగునని నేరుగా చూపినది డెన్మార్కు. 2002లో అచ్చటి వైద్యులు, తుంటి లేక మోకాటి కీలు మార్పించుకొనబోవు నూట యిరువదిమంది పొగ త్రాగువారిని చీట్లు తీసినట్లు రెండు గుంపులుగ విభజించిరి. ఒక గుంపును ఆఱునుండి ఎనిమిది వారముల ముందుగా ఒక నర్సు వారమువారము కలిసికొని, నికోటిన్ పట్టీల సాయముతో మాన్పించుటకో, తగ్గించుటకో పూనుకొనెను. రెండవ గుంపును వారి దారిని విడిచిరి. శస్త్రచికిత్స పిదప చిక్కులు మొదటి గుంపులో నూటికి పదునెనిమిదిమందికి, రెండవ గుంపులో ఏబదియిద్దఱికి వచ్చినవి. గాయమునకు సంబంధించిన చిక్కులు నూటికి ఐదు, ముప్పదియొకటి. ఏ కొత్త కత్తియు, ఏ ఖరీదైన మందును ఇంత మేలు చేయుట అరుదు. 2008లో స్వీడనులో నాలుగు వారముల ముందుగా ప్రారంభించి చేసిన ప్రయత్నమున చిక్కులు నలుబదియొకటినుండి ఇరువదియొకటికి తగ్గినవి. 2020 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ అనుభవమునంతయు క్రోడీకరించి, నాలుగు వారములో అంతకు మించియో ముందుగా మానినవారికి ఆపద తగ్గుననియు, ఆ పైన పొగ లేక గడచిన ప్రతి వారమును ఫలితమును నూటికి పందొమ్మిది వంతున మెఱుగుపఱచుననియు ప్రకటించెను.

నాలుగు వారముల గడువు లేనివారి మాటేమి? వారును నిరాశపడ నవసరము లేదు. కార్బన్ మోనాక్సైడు రక్తమునుండి త్వరగా వెడలిపోవు వాయువు. మామూలు గాలి పీల్చుచుండగా నాలుగైదు గంటలలో సగము తగ్గును. ఒక పగలు, ఒక రాత్రి మానినను గుండెకు కొంత ప్రాణవాయువు మిగులును. నూగు తిరిగి కదలుటకును, కఫము తగ్గుటకును వారములు కావలెను. అత్యవసర శస్త్రచికిత్సను పొగ కారణముగా వాయిదా వేయరాదు. అట్టిచోట వైద్యుని మాటయే ప్రమాణము. కాని తేదీ నిర్ణయమైన శస్త్రచికిత్స వేఱు. ఆ తేదీ చెప్పిన దినమే మానుటకు మొదటి దినము కావలెను.

తేదీ నిర్ణయమైన ఇంటిలో సాధారణముగా జరుగునది దీనికి విరుద్ధము. భయముచేత రోగి మునుపటికంటె రెండు చుట్టలు ఎక్కువ కాల్చును. "ఇన్నాళ్లు త్రాగినవాడు, ఈ నాలుగు దినములకు ఏమగును? పాపము, కాల్చుకొననిండు" అని బంధువులు జాలిపడుదురు. మొదటి ప్రపంచయుద్ధమున గాయపడిన సైనికుని పెదవులపై సిగరెట్టు నుంచినదియు ఇట్టి జాలియే. ఆ జాలికంటె డెన్మార్కు నర్సు వారమువారము వచ్చి పలుకరించుట ఎంత మేలైనదో మనము చూచితిమి. ఒంటరిగా మానుట కష్టము. ఇంటిల్లిపాది తోడైనచో సులభము. కుమారుడు తన సిగరెట్టును కూడ ఆ నెల దాచిపెట్టినచో తండ్రికి అది వంద హితబోధలకు సమానము. నికోటిన్ పట్టీలు మొదలగు సహాయములు కలవు. వైద్యుని అడిగి వాడవలెను. శస్త్రచికిత్స పిదప గాయము మానువఱకైనను మరల ముట్టరాదు. నెల, రెండు నెలలు మానగలిగినవాడు ఎల్లకాలము మానుటకు సగము దారి నడచినట్లే.

మొదట చెప్పిన ప్రశ్నకు తిరిగి వత్తము. "దినమునకెన్ని?" అని వైద్యుడడిగినప్పుడు, ఆ ప్రశ్నలో హైదరాబాదున శ్వాసను కనిపెట్టినవారి శ్రద్ధ యున్నది, 1944నాటి మోర్టను లెక్క యున్నది, తాను మానుట ఆలస్యమైనదని తెలిసికొన్న గ్రాహము పశ్చాత్తాప మున్నది. ఆ ప్రశ్న అడుగువాడు తప్పు పట్టువాడు కాడు. మన ఊపిరిని కొన్ని గంటలసేపు తన చేతిలో పెట్టుకొనబోవువాడు. అప్పగించు వస్తువు ఎట్టిదో ఉన్నదున్నట్లు ఆతనికి చెప్పుట మన విధి. "అప్పుడప్పుడు" అను మాట అచ్చట చెల్లదు.